గోల్ఫ్ కోర్సును కాళ్ళతో కొలవాలి: రెండు పబ్లిక్ కోర్సులను పోల్చి చూడటం ఎలా

మా మేనల్లుడు బెంగళూరులో పనిచేస్తాడు. కొన్నేళ్ళ కిందట ఒక ఆదివారం నన్ను గోల్ఫ్ కోర్సుకు తీసుకెళ్ళాడు. నేను ముప్పై ఏళ్ళు నేల ఎత్తుపల్లాలు కొలిచే డంపీ లెవెల్ మోసుకుని అనంతపురం చుట్టుపక్కల చెరువులూ కాలువలూ తిరిగినవాణ్ణి. ఆట గురించి అప్పటికి నాకేమీ తెలియదు. కానీ మిట్ట, పల్లం, వంక, కుంట, నీటి వాటం, అక్కడ కనబడినవన్నీ నాకు తెలిసినవే. "మామా, ఎంత బాగా కట్టారో చూడు" అని వాడు అంటుంటే నేను ఆరో గ్రీన్ (బంతి పడాల్సిన గుంత ఉండే పచ్చిక) వెనక నిలిచిన నీళ్ళ దగ్గర ఆగిపోయాను. వాన ముందురోజు సాయంత్రం పడింది. మర్నాడు పదిగంటలకు కూడా నీళ్ళు కదల్లేదు. అంత ఖర్చు పెట్టి కట్టినవాళ్ళు వాటం చూసుకోలేదు.

ఆ రోజు నుంచి ఎక్కడికెళ్ళినా కోర్సులు చూడటం అలవాటైంది. అనంతపురం నుంచి బెంగళూరు, కర్నూలు నుంచి హైదరాబాదు, రెండూ 44వ నంబరు హైవే మీద 200 కిలోమీటర్ల పైచిలుకు దూరమే. మన పిల్లలు చాలామంది అక్కడే ఉన్నారు. వాళ్ళలో ఈ ఆట మొదలుపెట్టినవాళ్ళూ ఉన్నారు. ఫీజు కట్టి ఆడే ముందు ఏ కోర్సును బుద్ధిపెట్టి కట్టారో తేల్చుకోవడానికి నేను పాటించే పద్ధతి చెప్తాను. మీకు ఆట రాకపోయినా ఈ పని చేయొచ్చు. చేను చూసి నేల ఎలాంటిదో చెప్పగలిగిన కన్ను ఉంటే సగం పని అయినట్టే.

ముందు నాలుగు మాటలు తెలియాలి. హోల్ అంటే గుంత ఒక్కటే కాదు. బంతిని మొదట కొట్టే చదును చోటు (దాన్ని టీ అంటారు) నుంచి గుంత ఉండే నున్నటి పచ్చిక, అంటే గ్రీన్ దాకా ఉన్న నేలంతా ఒక హోల్. మధ్యలో కురచగా కత్తిరించిన దారి ఫెయిర్‌వే, పక్కన పెరగనిచ్చిన గడ్డి రఫ్, ఇసుక గుంటలు బంకర్లు. ఇలాంటివి 18 కలిస్తే పూర్తి కోర్సు, చిన్నవాటిలో 9 ఉంటాయి. బాగా ఆడేవాడు ఒక హోల్‌ని ఎన్ని దెబ్బల్లో ముగించాలో ఆ లెక్కే పార్: మూడో, నాలుగో, అయిదో. దూరాలు ఎక్కువగా గజాల్లోనే చెప్తారు కాబట్టి మనకు ఇబ్బంది లేదు. ఒక పెద్ద అంగ ఒక గజం.

కార్డు జేబులో పెట్టి నడవండి

కౌంటర్‌లో ఇచ్చే స్కోర్‌కార్డు చూడగానే చాలామంది మొత్తం పొడవు చూస్తారు. 7,000 గజాలుంటే గొప్ప కోర్సు అనుకుంటారు. కొందరు స్లోప్ రేటింగ్ అడుగుతారు. అది 55 నుంచి 155 దాకా ఉండే అంకె, 113 మామూలు. చేయి తిరిగిన ఆటగాడితో పోలిస్తే సాధారణ ఆటగాడికి ఆ కోర్సు ఎంత ఎక్కువ కష్టమో అది చెప్తుంది. బాగుందో లేదో చెప్పదు. కష్టం వేరు, డిజైన్ వేరు. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే పోలికలన్నీ దారి తప్పుతాయి.

న్యూయార్క్ రాష్ట్రంలో బెత్‌పేజ్ బ్లాక్ అనే కోర్సు ఉంది. 1936లో తెరిచారు. ప్రభుత్వ పార్కులో ఉంది, ఎవరైనా ఫీజు కట్టి ఆడొచ్చు. చోటు దొరకాలని జనం రాత్రి కార్లలోనే పడుకుంటారు. ఇది చాలా కష్టమైన కోర్సు, బాగా ఆడగలిగినవాళ్ళే రండి అని మొదటి టీ దగ్గర బోర్డు పెట్టారు. 2002లో అమెరికా జాతీయ పోటీ యూఎస్ ఓపెన్ అక్కడ జరిగింది. నాకు ఆ బోర్డు పెట్టడం నచ్చుతుంది. వచ్చేవాడికి ముందే నిజం చెప్పారు. అదే పార్కులో ఇంకో నాలుగు కోర్సులున్నాయి కాబట్టి చేతగానివాడికి వేరే దారి ఉంది. ఊరికి ఉన్న ఒక్కగానొక్క పబ్లిక్ కోర్సును అంత కష్టంగా కడితే మాత్రం అది తప్పే.

అందుకని మొదటి పని, ఆడకుండా నడవడం. ముందురోజే ఫోన్ చేసి అనుమతి అడగండి. అడుగు చదునుగా ఉండే బూట్లు వేసుకోండి. ఆడేవాళ్ళ వెనక ఉండండి, ఎవరైనా బంతి కొట్టేటప్పుడు కదలకండి. ఆడేవాళ్ళు లేని వేళ దొరికితే 18వ గ్రీన్ నుంచి మొదలుపెట్టి వెనక్కి నడవండి. టీ దగ్గర నిలబడితే కట్టినవాడు చూపించాలనుకున్నదే కనిపిస్తుంది. గ్రీన్ దగ్గర నుంచి వెనక్కి తిరిగి చూస్తే దాచిపెట్టింది కూడా కనిపిస్తుంది. ఏ మిట్టను సహజంగా వదిలారు, దేన్ని పొక్లెయిన్‌తో పోశారు అన్నది అప్పుడే తెలుస్తుంది.

నడుస్తూ ఒక లెక్క రాసుకోండి. ఒక గ్రీన్ నుంచి తర్వాతి టీకి ఎన్ని అంగలు? అరవై డెబ్బై గజాల్లో ఉంటే నేలను చక్కగా పంచుకున్నట్టు. మాటిమాటికీ రెండు మూడు వందల గజాలు వస్తుంటే ఇళ్ళ ప్లాట్ల కోసం మధ్యలో జాగా వదిలారనో, బ్యాటరీ బండి అద్దెకు తీసుకోక తప్పదనో అర్థం. పబ్లిక్ కోర్సుకు ఇది చిన్న విషయం కాదు. బండి అద్దె కూడా ఫీజులో భాగమే.

వాటం చూడండి

నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇది. వాన పడిన మర్నాడు ఉదయం వెళ్ళండి. ఫెయిర్‌వే మీద కాలు పెడితే చెప్పు కింద నీళ్ళు చిమ్ముతున్నాయా, గ్రీన్ మీద నీళ్ళు ఒకే వైపుకి పోతున్నాయా లేక రెండు మూడు వైపులకు చీలి పోతున్నాయా చూడండి. మంచి గ్రీన్ మీద నీళ్ళు కనీసం రెండు దిక్కులకు దిగాలి. అన్నీ ఆటగాళ్ళు ఎక్కివచ్చే ముందు వైపుకే జారితే అక్కడ రోజూ తొక్కుడుకి బురదవుతుంది.

నేలను బట్టి ఇది మారుతుంది. అనంతపురం ఎర్ర గరుసు నేల అయితే నీళ్ళు గంటలో ఇంకిపోతాయి. కర్నూలు వైపు నల్లరేగడి అలా కాదు, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. దాని మీద కట్టాలంటే కింద ఇసుక, కంకర పొరలు, పైపులు వేయాల్సిందే. ఎలాంటి నేల మీద కట్టారో తెలియకుండా రెండు కోర్సుల ఆరుదలను పోల్చడం న్యాయం కాదు.

ఇక నీళ్ళు ఎక్కడి నుంచి తెస్తున్నారో అడగండి. వేసవిలో పూర్తి కోర్సును పచ్చగా ఉంచాలంటే రోజుకు లక్షల లీటర్లు పడతాయి. అనంతపురంలో ఏడాది వాన సుమారు 550 మిల్లీమీటర్లు. బోరుబావి ఎండిపోతే చెనక్కాయ రైతు ఏమవుతాడో చూసినవాణ్ణి, ఈ ప్రశ్న అడగకుండా నేను ఏ కోర్సుకూ మార్కులు వేయను. శుద్ధి చేసిన మురుగునీరు వాడుతున్నారా, వానకి నిండే కుంటలు కట్టుకున్నారా, ఎంత భాగానికి నీళ్ళు పెడుతున్నారు అని అడగండి. ఆటకు పనికొచ్చే చోట తడిపి, మిగతా నేలను ఎండ రంగులోనే వదిలేసిన కోర్సుకు నేను ఎక్కువ విలువిస్తాను.

మన దేశంలో ఎండ ప్రాంతాల్లో ఒకప్పుడు గ్రీన్స్‌కి బదులు బ్రౌన్స్ ఉండేవి. ఇసుకలో నూనె కలిపి చదును చేసి, దాని మీదే బంతిని దొర్లించేవాళ్ళు. ఇక ఫెయిర్‌వేల మీద మీకు ఎక్కువగా కనిపించే బెర్ముడా గడ్డి మరేదో కాదు, మన గరికే. వినాయకుడికి పెట్టేదీ, చేలో కలుపు తీసేటప్పుడు వేరుతో సహా లాగలేక అవస్థపడేదీ అదే. దాని సంకరజాతులనే గ్రీన్స్ మీద మిల్లీమీటర్ల ఎత్తుకు కత్తిరిస్తారు. కరువుకు తట్టుకునే గడ్డి కాబట్టి తక్కువ నీళ్ళతోనే బతుకుతుంది, అతిగా తడిపితే ఆట పాడవుతుంది. నేల గట్టిగా ఉంటేనే బంతి దొర్లుతుంది, దొర్లితేనే నేల మిట్టపల్లాలకు పని ఉంటుంది.

ఒక హోల్‌లో ఎన్ని దారులున్నాయి?

ప్రతి టీ దగ్గర ఆగి మీలో మీరు ఒక ప్రశ్న వేసుకోండి: ఇక్కడి నుంచి గ్రీన్‌కి చేరడానికి ఎన్ని దారులున్నాయి? ఒకటే ఉంటే, అది తప్పితే శిక్ష అయితే, ఆ హోల్ బలహీనం. రెండు మూడు ఉండి, ధైర్యం చేసినవాడికి లాభం, జాగ్రత్తపడినవాడికి ఒక దెబ్బ నష్టం, అంతే తేడా ఉంటే అది మంచి హోల్.

దీనికి అందరూ చెప్పే ఉదాహరణ స్కాట్లండ్‌లో సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సు 17వ హోల్. ఓల్డ్ కోర్సు కూడా పబ్లిక్కే. రోజూ లాటరీ తీసి ఆడేవాళ్ళను ఎంచుతారు. ఆదివారం ఆట ఉండదు, ఊరి జనం పిల్లల్నీ కుక్కల్నీ తీసుకుని దాని మీద నడుస్తారు. ఆ 17వ హోల్‌లో టీ ముందు కుడి పక్క ఒక హోటల్ ఆవరణ అడ్డుగా ఉంటుంది. దాని మీదుగా కొడితే బంతి హద్దు దాటే ప్రమాదం ఉంది. కానీ కుడి వైపుకి చేరినవాడికి గ్రీన్ పొడవునా తెరుచుకుంటుంది. భయపడి ఎడమకి కొడితే మొదటి దెబ్బకి అంత ప్రమాదం లేదు. అయితే అక్కడి నుంచి చూస్తే గ్రీన్‌కీ తనకీ మధ్య లోతైన బంకర్ ఉంటుంది. బంకర్ దాటించాలని గట్టిగా కొడితే గ్రీన్ వెనక రోడ్డు మీద పడుతుంది. మూడో దారి ఒకటుంది. గ్రీన్ ముందు కుడి పక్కన బంతిని ఆపి, తర్వాత దెబ్బకి మెల్లగా పైకి తీసుకెళ్ళడం. ముసలివాడైనా కొత్తవాడైనా ఆ దారిలో పోవచ్చు. అక్కడ ముఖ్యంగా ఉన్నది ఒక లోతైన బంకర్, గ్రీన్ వెనక ఒక రోడ్డు, దాని పక్కన ఒక గోడ. ఎన్నో ఏళ్ళుగా ప్రపంచంలో గొప్ప ఆటగాళ్ళు కూడా దాని ముందు ఆలోచించి ఆగుతున్నారు.

ఈ కన్ను రావాలంటే గోల్ఫ్ కోర్సే అక్కర్లేదు. మీరు అనంతపురంవాళ్ళయితే ఒక సాయంత్రం బుక్కరాయసముద్రం చెరువు కట్ట మీద నిలబడండి. కట్ట కింద నేలలో ఒక చెట్టును గ్రీన్ అనుకోండి. మధ్యలో కాలువ, గట్టు, మిట్ట ఏవున్నాయో చూసి, రెండు వందల గజాలు కొట్టగలిగినవాడు ఎటు పోవాలి, వంద గజాలే కొట్టగలిగినవాడు ఎటు పోవాలి అని వేలితో గీసుకోండి. రెండు దారులూ దొరికితే అక్కడ సహజంగానే ఒక హోల్ ఉన్నట్టు. నేను మా మేనల్లుడికి నేర్పింది ఇలాగే. వాడు నాకు ఆట నేర్పాడు, నేను వాడికి నేల చూపించాను.

దీనికి ముడిపడిందే టీల సంగతి. ఒక్కో హోల్‌కి నాలుగైదు టీలు వేర్వేరు దూరాల్లో ఉంటాయి. ముందు టీలు ఆడవాళ్ళకీ పిల్లలకీ పెద్దవాళ్ళకీ ఆట అందాలని పెట్టినవి. చాలాచోట్ల వాటిని ఏదో మొక్కుబడిగా ఫెయిర్‌వే పక్కన ఒక గట్టు పోసి వదిలేస్తారు. అక్కడికెళ్ళి నిలబడి చూడండి. ఆ టీ నుంచి కూడా వంక దాటాలా వద్దా అనే ఎంపిక ఉందా? లేక గ్రీన్ కనబడకుండా చెట్టు అడ్డం వచ్చిందా? కట్టినవాళ్ళకు మనుషుల మీద ఎంత గౌరవం ఉందో నాకు ఆ ముందు టీ దగ్గరే తెలుస్తుంది.

బంకర్ల గురించి ఎక్కువ చెప్పను. ఎన్ని ఉన్నాయని లెక్కపెట్టకండి, ఓల్డ్ కోర్సులో వందకు పైగా ఉన్నాయి, కొన్ని చోట్ల ఇంకా తక్కువతో బ్రహ్మాండంగా నడుస్తోంది. ఒక్కోదాన్ని మనసులో పూడ్చేసి చూడండి. హోల్ మారకపోతే అది ఫొటో కోసం పెట్టింది.

గ్రీన్ దగ్గర ఎక్కువసేపు ఉండండి

దెబ్బల్లో దాదాపు సగం గ్రీన్ మీదా దాని చుట్టుపక్కలా పోతాయి. గుంత వెడల్పు నాలుగుంపావు అంగుళాలే, అంటే 108 మిల్లీమీటర్లు. అందుకని వాటంలో కొంచెం తేడా వచ్చినా ఆట మారిపోతుంది.

గుంతను రోజూ ఒకే చోట ఉంచరు, మారుస్తారు. గుంత పెట్టే చోట వాలు రెండు మూడు శాతం లోపు ఉండాలి, అంటే పది అడుగులకు రెండున్నర నుంచి మూడున్నర అంగుళాలు. అంతకన్నా ఎక్కువైతే బంతి గుంత దగ్గర ఆగదు, జారి కిందికి పోతుంది. నేను లెవెల్ వాడినవాణ్ణి కాబట్టి కంటికే తెలుస్తుంది. మీరు ఫోన్‌లో వాలు చూపించే యాప్ పెట్టుకుని, ఫోన్‌ని గ్రీన్ మీద మెల్లగా ఆనించి చూడండి. లేదా కళ్ళు మూసుకుని రెండు కాళ్ళ మీద సమంగా నిలబడండి. ఏ కాలి మీద బరువు పడుతోందో అటే వాలు. ఒక గ్రీన్‌లో గుంత పెట్టగల చోట్లు నాలుగైదు దొరికితే మంచిది. ఒకే చోట పాత గుంతల మచ్చలు గుంపుగా కనబడితే గుంత మార్చడానికి వాళ్ళకి జాగా లేదన్నమాట.

వాలును ఎంత అందంగా వాడుకోవచ్చో చెప్పడానికి స్కాట్లండ్‌లోనే నార్త్ బెర్విక్ 15వ హోల్ ఉంది, రెడాన్ అంటారు. అక్కడ గ్రీన్ ముందు కుడి మూల నుంచి వెనక ఎడమ మూలకు వాలి ఉంటుంది, మనవైపు కాకుండా మన నుంచి దూరంగా. నేరుగా గుంత మీదికి కొడితే ఆగదు. గ్రీన్ కుడి అంచు మిట్ట మీద బంతిని దింపి, మిగతా పని వాటానికి వదిలేయాలి. తూము నుంచి వదిలిన నీళ్ళు మడికి ఎలా చేరతాయో తెలిసినవాడికి ఆ హోల్ ఒక్క చూపులో అర్థమవుతుంది. ప్రపంచమంతా దాన్ని చూసి కట్టుకున్నారు.

గ్రీన్ వేగం గురించి కూడా గొప్పలు చెప్తుంటారు. స్టింప్‌మీటర్ అనే గాడి ఉన్న పట్టీ నుంచి బంతిని వదిలి, ఎన్ని అడుగులు దొర్లిందో కొలుస్తారు. వేగం ఎక్కువైతే వాలు తగ్గించాలి. బాగా వాలున్న పాత గ్రీన్‌ను అతివేగంగా కోస్తే డిజైన్ చెడిపోతుంది. పబ్లిక్ కోర్సులో మధ్యస్థ వేగమే మేలు. ఆట కూడా తొందరగా కదులుతుంది.

గాలి, ఎండ

నోట్‌బుక్‌లో ఒక్కో హోల్‌కి ఒక బాణం గుర్తు వేయండి, అది ఏ దిక్కుకు పోతుందో. రామగిరి వైపు గాలిమరలు ఊరికే పెట్టలేదు. జూన్ నుంచి ఆగస్టు దాకా మన వైపు పడమటి గాలి మనిషిని నెడుతుంది. బాణాలన్నీ రెండు దిక్కులకే ఉంటే తొమ్మిది హోల్స్ గాలికి ఎదురీత, తొమ్మిది గాలితో పోవడం. నాలుగు దిక్కులకూ తిరిగితే ప్రతి దెబ్బకీ కొత్త లెక్క. ఓల్డ్ కోర్సే పోయి తిరిగొచ్చే కోర్సు కాబట్టి ఇది రాయి మీద గీత కాదు, కానీ సొంతంగా కొత్తది కట్టేవాళ్ళకు ఆ సాకు చెల్లదు. ఇంకొకటి: పొద్దున ఆడే మొదటి హోల్ తూర్పుకి, సాయంత్రం ముగిసే హోల్ పడమరకి పెడితే కళ్ళలో ఎండ పడి బంతి ఎక్కడ పడిందో తెలియదు.

ఎవరి కోసం కట్టారు?

పబ్లిక్ అని బోర్డు ఉన్నంత మాత్రాన సరిపోదు. వారం మధ్యలో ఫీజు ఎంత, విద్యార్థులకు తగ్గిస్తారా, సొంత కర్రలు లేకపోతే అద్దెకిస్తారా, ఒక రౌండ్ (కోర్సంతా ఒకసారి ఆడటం) ఎన్ని గంటలు పడుతుంది, ఇవన్నీ డిజైన్‌తో కలిపే చూడాలి. రఫ్ మోకాలెత్తు పెంచితే కొత్తవాడు బంతి వెతుక్కుంటూ వెనకవాళ్ళందరినీ ఆపుతాడు. పక్కపక్క ఫెయిర్‌వేలు మరీ దగ్గరగా ఉంటే పక్కవాళ్ళ బంతి వచ్చి తగులుతుంది.

మన దేశంలో ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ కుతుబ్ దగ్గర 18 హోల్స్ కోర్సు, భల్స్వా చెరువు పక్కన 9 హోల్స్ కోర్సు నడుపుతోంది. మెంబర్‌షిప్ లేనివాళ్ళు కూడా డబ్బు కట్టి ఆడొచ్చు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో చాంబర్స్ బే అనేది పియర్స్ కౌంటీ సొంతం. ఒకప్పుడు ఇసుక, కంకర తవ్విన గని. దాన్ని కోర్సుగా మార్చి 2007లో తెరిచారు, 2015లో యూఎస్ ఓపెన్ అక్కడే జరిగింది. ఆ సంగతి తెలిసినప్పుడు నాకు బేతంచెర్ల, తాడిపత్రి రాతి గనులే గుర్తొచ్చాయి. తవ్వి వదిలేసిన గుంతల చుట్టూ కంప పెరిగి ఎందుకూ పనికిరాని నేల ఎంతుందో మీకు తెలుసు. పంట పండే నేల జోలికి పోకుండా, అలాంటి చోట తొమ్మిది హోల్స్, చుట్టూ జనం నడిచే బాట వేయొచ్చు. నా కోరిక ఇది, మనసులో దాచుకోకుండా చెప్తున్నాను.

ఇక పోల్చడం

రెండు కోర్సులనూ ఒకే కాలంలో, వీలైతే ఒకే వారంలో చూడండి. మే నెలలో ఒకటి, అక్టోబరులో ఒకటి చూసి పోల్చితే మీరు పోల్చింది వానల్ని.

తర్వాత రెండిటికీ పందెం పెట్టండి. మొదటిదాని ఒకటో హోల్‌ని రెండోదాని ఒకటో హోల్‌తో, అలా పద్దెనిమిదీ. ఏది బాగుంటే దానికి ఒక గీత, సమానమైతే సున్నా. ఎందుకు అనేది పక్కన ఒక్క వాక్యం రాయాలి. "బాగుంది" అని రాయకండి. "ఎడమ నుంచి వస్తే గ్రీన్ కనబడదు" అని రాయండి. ఈ పద్ధతిలో ఒక లోపం ఉంది, హోల్స్‌ను విడదీస్తే నడక, గాలి, మలుపులు, మొత్తం కోర్సు కుదిరిన తీరు లెక్కలోకి రావు.

అందుకని రెండో ప్రశ్న. చేతిలో పది రౌండ్లకు సరిపడా డబ్బుంది, సమయం ఉంది. ఎన్ని ఇక్కడ ఆడతారు, ఎన్ని అక్కడ? అంకె ముందు రాసి, కారణం తర్వాత వెతకండి.

ఈ మధ్య నేనూ మా మేనల్లుడూ రెండు కోర్సులకు ఇలాగే చేశాం, ఒకరి పుస్తకం ఒకరు చూడకుండా. నా లెక్కలో హోల్స్ పందెంలో మొదటిది ఏడు గెలిచింది, రెండోది ఆరు, అయిదు సమానం. కానీ పది రౌండ్లలో నేను మూడే మొదటిదానికిచ్చి, ఏడు రెండోదానికిచ్చాను. మొదటిదాంట్లో హోల్స్ మంచివే, వాటి మధ్య నడిచి నడిచి ఆరో గ్రీన్ దగ్గరికే అలసిపోయాను. రెండోదాంట్లో ఒక గ్రీన్ దిగితే పక్కనే టీ. వాడు మాత్రం ఆరు మొదటిదానికే ఇచ్చాడు. ఇద్దరి రాతలూ పక్కపక్కన పెట్టి చూస్తే గొడవంతా రెండోదాని పన్నెండో హోల్ దగ్గర తేలింది. అక్కడ కుడి వైపు వంక పక్కన దారి ఉందని నేను రాశాను, బంతి అక్కడ ఆగదు మామా అని వాడు రాశాడు. ఎవరిది నిజమో నేల మీదే తేలాలి. ఒక వాన పడగానే మర్నాడు పొద్దున బయల్దేరి ఇద్దరం ఆ వంక పక్కనే నిలబడి, పది బంతులు దింపి చూడాలనుకుంటున్నాం.